విషం అని రాయరాదు

గుర్రపుశాలను ఆనుకుని ఉన్న మందుల గది. పొద్దున పదిన్నర. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. బల్లకు ఒకవైపు, పాతికేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్న కాంపౌండరు. ఎదురుగా ఆయన కోడలు. నాలుగు నెలల కిందట ఈ శాలకే డాక్టరుగా వచ్చింది. పాముకాటు మందుకు కావలసిన రక్తం ఇచ్చేది ఈ శాలలోని గుర్రాలే.

“‘ఎలుకల ప్రతిజనకం, రెండు పొట్లాలు.’ ఇదేమిటి మావయ్యా?”

“ఎలుకల మందమ్మా. దాణా గదిలో పెట్టించాను. సంచులన్నీ కొరికి పారేస్తున్నాయి.”

“ఎలుకల మందు అని రాయొచ్చు కదా!”

“ఇన్నేళ్లూ ఎలుకల విషం అనే రాసేవాణ్ణి. నువ్వే కదా సర్క్యులర్ పంపావు! అదిగో, గోడకి అంటించాను, నీ సంతకంతో సహా. ‘ఇకమీదట రిజిస్టరులో ఎక్కడా విషం అని రాయరాదు. ప్రతిజనకం అని మాత్రమే రాయవలెను.’ ఎక్కడా అంటే ఎక్కడా అనే కదా?”

“ఎక్కడా అంటే... గుర్రాలకి వేసే దగ్గర!”

“ఆ ముక్క రాయలేదు మరి.”

“సరే. మరి ఇది? పదో తారీకు. ‘ప్రతిజనక జ్వరం వల్ల రెండు రోజులు సెలవు కావలెను.’”

“విషజ్వరం.”

“మావయ్యా!”

“నేనేం చెయ్యను తల్లీ? విషజ్వరం అని రాస్తే సర్క్యులర్ ధిక్కరించినట్టు. రాయకపోతే సెలవు రాదు. ఒళ్లు కాలిపోతుంటే కూర్చుని నీ మాట మన్నించి రాశాను.”

“తనిఖీకి వచ్చేవాళ్లు ఇది చూస్తే నవ్వుతారు.”

“నవ్వనీ. ఈ గదిలో ఎవరైనా నవ్వి ఎన్నాళ్లయిందో.”

“ఇదిగో చూడండి, ఇంట్లో నేను కోడల్ని. ఇక్కడ డాక్టర్ని. ఇక్కడ నాతో వేళాకోళాలు వద్దు.”

“మరి ఇందాకట్నుంచి మావయ్యా మావయ్యా అంటున్నది ఎవరు?”

“...అది అలవాటులో వచ్చేస్తోంది.”

“నాకూ అంతే. పాతికేళ్లు విషం అని రాసిన చెయ్యి. ఒక్క పూటలో తిరగమంటే తిరుగుతుందా? అసలా ప్రతిజనకానికి అర్థమేమిటి? మూణ్ణెల్లుగా రాస్తున్నాను, చెప్పిన పాపాన పోయినవాళ్లు లేరు.”

“సర్క్యులర్ వెనక పేజీలో వివరంగా రాశాను కదా!”

“వెనక పేజీకి జిగురు పూసేశాం.”

“జిగురా?”

“గోడకి అంటించాలంటే ఏదో ఒక వైపు పుయ్యాలి కదమ్మా.”

“మరి నన్ను అడగొచ్చుగా?”

“అడగటమెందుకని నాకు తోచిన అర్థం నేనే చెప్పుకున్నాను. జనకుడు అంటే తండ్రి. ప్రతి జనకం అంటే ప్రతి తండ్రీ అన్నమాట. గుర్రాల సూదిమందులో తండ్రుల గోలేమిట్రా బాబూ అనుకున్నాను.”

“ప్రతి అంటే ఇక్కడ ఒక్కొక్క అని కాదు మావయ్యా. ఎదురు అని. ప్రతిఘటన అంటాం, ప్రతీకారం అంటాం, ఆ ప్రతి. జనకం అంటే పుట్టించేది. ఒంట్లోకి వెళ్లి, ఒంట్లో ఎదురు పుట్టించేది ప్రతిజనకం. అలా ఎదురు పుట్టినవాటిని ప్రతిదేహాలంటాం. అవి ఉన్న రక్తమే మనకి కావాలి. దాంతోనే పాముకాటుకి మందు తయారవుతుంది.”

“ఇంతోటిదానికి విషం అంటే సరిపోయేది.”

“సరిపోదు. విషం అంటే చంపేది. మనం చంపటానికి వేస్తున్నామా? పాము విషం పిసరంత తీసుకుని, బాగా పలచన చేసి, ఒంటికి కాస్త కోపం తెప్పించటానికి వేస్తున్నాం. ఎవరైనా వచ్చి రిజిస్టరు చూసి, వీళ్లు గుర్రాలకి విషం ఎక్కిస్తున్నారు అనుకోకూడదని...”

“ఎక్కిస్తున్నాం కదా?”

“ఎక్కిస్తున్నాం. కానీ మన ఉద్దేశం వేరు.”

“గుర్రానికి ఉద్దేశం కనపడదమ్మా. సూది కనపడుతుంది.”

“మావయ్యా, నన్ను చెప్పనివ్వండి.”

“సరే సరే, చెప్పు. అయితే బయటినుంచి ఒంట్లోకి వచ్చింది ఏదైనా ప్రతిజనకమేనా?”

“వస్తే చాలదు. ఇది నాది కాదు, పరాయిది అని ఒళ్లు గుర్తుపట్టాలి. గుర్తుపట్టి ఎదురు తిరగాలి. అలా రెచ్చగొట్టగలిగితేనే మనం ఇక్కడ దాన్ని ఆ పేరుతో పిలిచేది.”

“రెచ్చగొట్టలేకపోతే?”

“మన పనికి అది ఉత్త పదార్థం.”

“ఆహా. ఇప్పుడు బోధపడింది. నువ్వు మా ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు మీ అత్తయ్యకి ప్రతిజనకానివి.”

“మరి ఇప్పుడో?”

“ఇప్పుడు ఉత్త పదార్థానివి.”

“పోనీలెండి. పదార్థం అన్నారు, అదే పదివేలు. మరి అత్తయ్య మీకు?”

“నాకు ముప్ఫయ్యేళ్లుగా పూర్తి మోతాదు పడుతూనే ఉంది. అందుకే ఇంత గట్టిగా ఉన్నాను.”

“ఈ మాట ఇంటికెళ్లాక చెబుతాను.”

“చెప్పు. అప్పుడు నాకు బూస్టర్ పడుతుంది. అమ్మాయ్, ఇంకొకటి అడగనా? ఉప్పునీళ్లు?”

“ఉప్పునీళ్లేమిటి?”

“అదే, సెలైను. అది ప్రతిజనకమేనా?”

“కాదు. ఉప్పూ నీళ్లూ ఒంట్లో ఉన్నవే. వాటిమీద ఒళ్లు ఎందుకు తిరగబడుతుంది? ఎందుకడిగారు?”

“ఊరికే. అర్థం తెలుసుకోమన్నావుగా, తెలుసుకుంటున్నాను.”

“తెలుసుకోండి. కానీ నేనిప్పుడు వచ్చింది ఈ మాట కోసం కాదు. దొరసాని రిపోర్టు వచ్చింది.”

“ఏ దొరసాని?”

“ఎంతమంది దొరసానులున్నారు మీకు? పద్నాలుగో నంబరు గుర్రం. మీ దొరసాని.”

“ఓ. ఏమైంది?”

“ఫెయిలయింది. రక్తంలో బలం కనీసం వెయ్యి ఉండాలి. దానికి నూట ఇరవై వచ్చింది. ప్రతిజనకానికి స్పందించటం లేదు అని రాసింది ల్యాబ్.”

“అయ్యో.”

“మీ అయ్యోలో అయ్యో లేదు మావయ్యా.”

“అయ్యోలో ఇంకేముంటుంది? ల్యాబ్ అంటే మనవాడే కదా చేసింది పరీక్ష?”

“ఆ, మీ అబ్బాయే. సంతకం కూడా ఆయనదే.”

“అయితే లెక్క తప్పే ప్రశ్నే లేదు. చిన్నప్పట్నుంచీ వాడు అంకె వేశాడంటే రాతి మీద చెక్కినట్టే. నిన్న రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు చూడు!”

“ఎలా చెబుతారు? భోజనం దగ్గర గుర్రాల మాట ఎత్తితే అత్తయ్య కంచం తీసేస్తుంది. ఇంట్లో ముగ్గురం గుర్రాల మీదే బతుకుతున్నాం, ఒక్కరం నోరు విప్పం.”

“అదీ నిజమేలే. పోనీ, పద్దెనిమిదేళ్ల ముసలిది. దానికి కోపం రావటం మానేసింది. వయసు మీద పడితే అంతే. నాకూ ఈమధ్య దేనిమీదా కోపం రావట్లేదు.”

“పన్నెండేళ్లుగా ఈ శాలలో దానిదే పైచెయ్యి. ఒక్కసారి కూడా రెండువేలకి తగ్గలేదు. మూణ్ణెల్లలో ఇలా ఎలా పడిపోయిందో నాకు అంతుపట్టటం లేదు.”

“అంతుపట్టకపోవటానికేముంది? వయసు. ఇంకేం, దాన్ని పంపించెయ్యటమే కదా? గడ్డి మైదానానికి. నేను చూశానమ్మా ఆ చోటు. ఏటి అవతల, చుట్టూ దడి, మధ్యలో నీళ్ల తొట్టి. ఎన్నో గుర్రాల్ని స్వయంగా దింపి వచ్చాను. వెళ్లిన వారానికే తోకలు ఊపుకుంటూ తిరిగేవి. నాకూ ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు. సైకిలు మీద వెళ్తే ఇంటినుంచి అరగంట. పొద్దున్నే వెళ్లి, దాన్ని ఓసారి దువ్వి, నీ మావయ్య ఇక పనీపాటా లేని మనిషి అని చెప్పి...”

“మావయ్యా.”

“ఊఁ?”

“గడ్డి మైదానం లేదు.”

“లేకపోవటమేమిటి? ఎక్కడికిపోతుంది?”

“పోయిన ఏడాది చివర్లో తీసేశారు. అక్కడ గోడౌన్ కడుతున్నారు.”

“మరి... ఫెయిలయినవి?”

“వేలం వేస్తారు.”

“వేలం అంటే?”

“వేలం అంటే వేలమే మావయ్యా. బళ్లవాళ్లు వస్తారు.”

“పద్దెనిమిదేళ్లదాన్ని బండికి ఎవడు కట్టుకుంటాడు?”

“ఎవడూ కట్టుకోడు.”

“బళ్లవాళ్లు కాకుండా ఇంకెవరొస్తారు?”

“తోళ్లవాళ్లు వస్తారు.”

“ఈ సంగతి నాకు చెప్పాలనిపించలేదా నీకు?”

“ఆ కాగితం డాక్టర్లకి మాత్రమే వచ్చింది. నేను చేరాక ఇప్పటిదాకా ఒక్క గుర్రమూ ఫెయిలవలేదు. చెప్పే అవసరం రాలేదు.”

“జాబితా ఎప్పుడు వెళ్తుంది?”

“మధ్యాహ్నం రెండింటికి. ఇప్పుడు రాసి పంపాలి. అందుకే వచ్చాను. మీకు ముందు చెప్పకుండా రాయబుద్ధి కాలేదు.”

“అమ్మాయ్.”

“చెప్పండి.”

“ఇందాక ఆ మాటకి అర్థం చెప్పావే. అందులో ఉప్పునీళ్లు కాదన్నావు.”

“కాదు.”

“ఖాయంగా కాదా?”

“ఎన్నిసార్లు అడుగుతారు? ఖాయంగా కా... మావయ్యా.”

“ఊఁ.”

“మీరు దానికి ఏం వేస్తున్నారు?”

“రిజిస్టరులో ఉంది కదా, పదిహేను రోజులకోసారి...”

“రిజిస్టరులో ఏముందో అడగట్లేదు. సిరంజిలో ఏముందో అడుగుతున్నాను.”

“సెలైను.”

“ఎన్నాళ్లుగా?”

“ఆరుసార్లు. మూణ్ణెల్లు.”

“మూణ్ణెల్లు! మూణ్ణెల్లుగా రిజిస్టరులో అబద్ధం రాస్తూ...”

“అబద్ధం రాయలేదు తల్లీ. ఆ మాట నేనొప్పుకోను. పోయిన చలికాలంలోనే అనుకున్నాను ఇలా చేద్దామని. కానీ ఉప్పునీళ్లు వేసి విషం అని రాయటానికి చెయ్యి రాలేదు. విషం అంటే ఏమిటో నాకు తెలుసు. తెలిసిన మాటతో అబద్ధం ఎలా ఆడను? ఆ తర్వాత నువ్వు సర్క్యులర్ పంపావు. ప్రతిజనకం. అదేమిటో నాకు తెలీదు. ఉప్పునీళ్లే ప్రతిజనకమేమో, ఎవరు చూడొచ్చారు? అర్థం తెలియని మాట రాస్తే అది అబద్ధమెలా అవుతుంది?”

“అందుకా మూణ్ణెల్లుగా అర్థం అడగలేదు!”

“వెనక పేజీకి జిగురు పూసింది కూడా అందుకే.”

“కాంపౌండరు గారూ!”

“ఇప్పుడు డాక్టరువయ్యావు. తిట్టు. నాకు తగినదే.”

“ఇది ఉద్యోగం పోయే పని. మీదొక్కటే కాదు, నాది కూడా. వారంవారం ప్రతి పేజీ కిందా నేను సంతకం పెట్టాను. మీరు రాశారు కదా అని, మావయ్యే కదా అని, చదవకుండా పెట్టాను. పాము కరిచినవాడు ఎక్కడో ఆస్పత్రి మంచం మీద పడుకుని ఈ రక్తం కోసం ఎదురుచూస్తుంటాడు. వాడికి మీరేం సమాధానం చెబుతారు?”

“దాని రక్తం మందులో కలవలేదు. కాళ్లవాపు అని రాసి మూణ్ణెల్లుగా తియ్యనివ్వలేదు. పరీక్షకి తీసిన ఆ చిన్న గొట్టం తప్ప. మిగతా ఇరవైమూడింటికీ ఒక్క చుక్క తగ్గించలేదు. నా మీద ఒట్టు.”

“కాళ్లవాపు అయినా నిజమేనా?”

“వాపు అంటే అర్థం తెలుసుగా. కాస్త ఉంది. ఉన్నదే రాశాను.”

“వెయ్యని సీసాలేం చేశారు? పారబోశారా?”

“ఎలా పారబోస్తాను? ఫ్రిజ్‌లో కింద అర, బాగా వెనక్కి. ఆరూ ఉన్నాయి.”

“ఎందుకు మావయ్యా? పాతికేళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేదు. ఇప్పుడు, ఇంకో రెండు నెలల్లో ఇంటికెళ్లిపోయే ముందు, ఎందుకు?”

“సూది వేసిన రెండు రోజులూ అది మేత ముట్టదు. మెడ దగ్గర గడ్డ కట్టి, ఒళ్లు కాలిపోతుంది. మూడోరోజుకి తేరుకుంటుంది. మళ్లీ పదిహేను రోజులకి మొదలు. పన్నెండేళ్లుగా చూస్తున్నదే అది. అలవాటైపోయింది. కానీ పోయిన చలికాలం ఒకరోజు, సూదీ లేదు, సిరంజీ లేదు, దువ్వెన పట్టుకుని లోపలికెళ్లాను. నన్ను చూసి గోడవైపు తిరిగి నిలబడింది. మిగతా పనివాళ్లు వెళ్తే కరవటానికైనా ఇటు తిరుగుతుంది. నేను వెళ్తే మొహం దాచుకుంది. అప్పుడు తెలిసింది. దాని ఒళ్లు ఎదురు తిరిగేది సీసాలో ఉన్నదానికి కాదు, నాకు.”

“సెలైను వేశాక ఇటు తిరిగిందా?”

“సెలైను మొదలుపెట్టాక నెల పట్టింది. ఒకరోజు నా చొక్కా జేబు వాసన చూసింది. ఇంకో వారానికి భుజం మీద గడ్డం ఆనించింది. ఇక ఎలా పొడవమంటావు?”

“మీరు దానికి మేలు చెయ్యాలనుకుని వేలానికి తోలుతున్నారు.”

“ఆ సంగతి ఇప్పుడు నువ్వు చెబితే తెలిసింది.”

“ఆగండి. ఏడవకండి.”

“ఏడవట్లేదు. ఈ గదిలో స్పిరిట్ వాసన.”

“నన్ను ఆలోచించనివ్వండి. రెండో నమూనా అడగొచ్చు. నిబంధనల్లో ఉంది. ఏదైనా గుర్రం హఠాత్తుగా పడిపోతే, పద్నాలుగు రోజులాగి మళ్లీ పరీక్ష చేయించమని డాక్టరు రాయొచ్చు. అప్పటిదాకా వేలం జాబితాలోకి ఎక్కదు. కానీ అలా రాయాలంటే ఇవాళ్టి తేదీతో డోసు పడాలి. నిజం డోసు.”

“వెయ్యి.”

“సగం మోతాదు చాలు. మూణ్ణెల్లు ఆపేశాం కాబట్టి పూర్తిగా వెయ్యకూడదు. పన్నెండేళ్లు పడ్డ ఒళ్లు అది, అంత త్వరగా మర్చిపోదు. చిన్నగా కదిపితే చాలు, అంకె లేస్తుంది.”

“వెయ్యి. నేను దాని తల పట్టుకుంటాను.”

“నేను వెయ్యటమా? పోయిన నెల థర్మామీటరు పట్టుకుని వెళ్తేనే నన్ను తలుపుదాకా తరిమింది. మీరు తప్ప ఎవరు దగ్గరికెళ్లినా నిలబడదు.”

“నా వల్ల కాదమ్మా.”

“మీరు వెయ్యకపోతే రెండింటికి జాబితా వెళ్తుంది.”

“...సిరంజి ఇటు తే.”

దొరసాని కొట్టం. పావుగంట తర్వాత. తలతాడు కోడలి చేతిలో, సిరంజి వీపు వెనక దాచిన మామగారి చేతిలో.

“ఏమ్మా దొరసానీ. ఏం చేస్తున్నావు? గడ్డి తిన్నావా? ఇదిగో, అమ్మాయి వచ్చింది. తన్నకు. డాక్టరమ్మ. తన్నితే రిపోర్టు రాస్తుంది.”

“నావైపు చూడను కూడా చూడట్లేదు. మీ జేబే చూస్తోంది.”

“జేబులో ఏం లేదే ఇవాళ. ఏం లేదమ్మా. ఇటు తిరుగు. మెడ ఇటు. అదీ.”

“మావయ్యా, సూదికి మూత తియ్యలేదు.”

“తీశాను.”

“తియ్యలేదు.”

“సరే, తియ్యలేదు. ఇదిగో, తీశాను. తాడు గట్టిగా పట్టుకో. గట్టిగా కాదు, వదులుగా. తాడు బిగిస్తే దానికి తెలిసిపోతుంది.”

“ఇప్పటికే తెలిసిపోయినట్టుంది. చెవులు వెనక్కి పెట్టింది.”

“అయిపోతుందమ్మా. ఒక్క క్షణం. నీ మంచికే. అదిగో, ఈ మాట చెప్పటం కూడా వచ్చేసింది నాకు. ఉద్దేశం మంచిదే దొరసానీ... ఆఁ. అయిపోయింది. అయిపోయింది తల్లీ. అయిపోయింది.”

“బయటికి రండి మావయ్యా.”

“ఆగు, కాస్త రుద్దనీ అక్కడ. గడ్డ కట్టకుండా... ఇటు రా అమ్మా. ఇటు...”

“రండి.”

“గోడవైపు తిరిగింది.”

“చూశాను.”

“నెల పైనే పట్టింది దాన్ని ఇటు తిప్పుకోవటానికి.”

“బతికి ఉంటే మళ్లీ తిరుగుతుంది. రండి. రిజిస్టరులో రాయాలి.”

“నువ్వే రాయి.”

“మీ చేత్తోనే రాయాలి. ‘ప్రతిజనకం, సగం మోతాదు.’”

“ఇప్పుడు ఆ మాటకి అర్థం తెలిసిపోయింది కదమ్మా. నా చెయ్యి రావట్లేదు.”

మళ్లీ మందుల గది. కోడలు ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. అవతల ఆమె భర్త, ఊరి చివర ల్యాబ్‌లో.

“ఏమండీ...”

“ఏమండీనా? నాన్న పక్కనున్నాడా?”

“ఉన్నారు. స్పీకరులో పెట్టాను.”

“ఏం నాన్నా, టీ తాగావా?”

“తాగాలే. అమ్మాయి నీకేదో చెప్పాలంటోంది, విను.”

“పద్నాలుగో నంబరు సంగతి. ఇవాళ జాబితాలో దాని పేరు పెట్టట్లేదు. రెండు వారాలాగి మళ్లీ నమూనా పంపిస్తాను. మళ్లీ పరీక్ష చెయ్యాలి.”

“మళ్లీ ఎందుకు? ఫెయిలయింది కదా. పంపించెయ్యండి.”

“ఎక్కడికి పంపించెయ్యమంటావు?”

“గడ్డి మైదానానికి. ఇంకెక్కడికి?”

“మావయ్య కూడా అదే అన్నారు. గడ్డి మైదానం ఎత్తేశారు. ఇప్పుడు ఫెయిలయిన గుర్రాల్ని వేలం వేస్తున్నారు.”

“ఎప్పుడు ఎత్తేశారు?”

“పోయిన ఏడాది.”

“మరి ఇంట్లో చెప్పలేదేం?”

“మనింట్లో ఎవరు ఎవరికి ఏం చెప్పుకున్నాం గనక!”

“సరే, సరే. అయితే దాన్ని ఎక్కడికీ పంపొద్దు. ఆ రిపోర్టు అక్కడే ఆపు. దానికి సూది కూడా వెయ్యొద్దు. నేను బయల్దేరుతున్నాను, వచ్చి చెబుతాను.”

“సూది ఇప్పుడే వేసేశాం. మావయ్య చేత్తోనే.”

“వేసేశారా! ఎవరు వెయ్యమన్నారు?”

“నీ రిపోర్టే వెయ్యమంది.”

“అయ్యో.”

“ఏరా, ఏమైంది?”

“ఏం లేదు నాన్నా.”

“ఏం లేదు అన్నావంటే ఏదో ఉంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. రిపోర్టు గురించి భయపడకు. నీ తప్పు కాదు, నాదే. మూణ్ణెల్లుగా దానికి ఉప్పునీళ్లే వేశాన్రా. అందుకే ఫెయిలయింది. అమ్మాయికి చెప్పేశాను, నీకూ చెబుతున్నాను. తిట్టదలుచుకుంటే తిట్టు.”

“ఉప్పునీళ్లా? మూణ్ణెల్లా? అదెలా కుదురుతుంది?”

“కుదరకపోవటమేమిటి? నా చేత్తో నేను వేశాను.”

“కాదు నాన్నా. ఉప్పునీళ్లు వేస్తే మరి... ఒక్క నిమిషం. నువ్వు కూర్చున్నావా?”

“కూర్చునే ఉన్నాను. విషయం చెప్పు.”

“స్పీకరు తీసెయ్యమని చెప్పు ముందు.”

“తియ్యను. ఇద్దరం వింటాం. చెప్పు, ఏమిటి?”

“అది ఫెయిలవలేదు నాన్నా, పన్నెండు వందలొచ్చింది. నువ్వు దానికి సూది వెయ్యలేకపోతున్నావని నీ మొహంలోనే తెలిసి, రిపోర్టులో నేనే ఒక సున్నా తీసేశాను.”